ఇంటిలో చిన్న సర్వరు: దానిని నెలకొల్పుట, పెంచుట



ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతముల రైతుకు ఒక్క యేటిలో చేరు కాగితము లెన్నియో ఒకమారు లెక్కింపుడు. ఆదోని మార్కెట్టుయార్డులో ప్రత్తి అమ్మినప్పటి తక్‌పట్టీలు, సంఘమునకు కట్టిన వాయిదాల రసీదులు, 1-బి, అడంగలు నకళ్ళు, ఈ-పంట నమోదు రసీదు, విత్తనముల బిల్లులు, పంట దెబ్బతిన్నప్పుడు తీసిన చేని ఫొటోలు. వీనిలో సగము ట్రంకుపెట్టెలోను, సగము చేతి ఫోనులోను ఉన్నవి. 2009వ సంవత్సరము అక్టోబరు మొదట తుంగభద్ర పొంగి మంత్రాలయమును, కర్నూలు పట్టణమును ముంచినప్పుడు ఎన్నో యిండ్ల ట్రంకుపెట్టెలలోని కాగితములు ముద్దయిపోయినవి. ఫోను బావిలో పడినను, దొంగలపాలైనను అందలి ఫొటోలకు నదే గతి. విత్తనము మొలవలేదని పరిహారము కోరువానిని మొదట అడుగునది బిల్లు. బిల్లు చూపలేనివాని మాట నిజమే యైనను చెల్లుట కష్టము.

ఈ చిక్కునకు ఇంటిలోనే ఒక చిన్న సర్వరు నుంచుకొనుట మంచి యుపాయము. సర్వరనగా వింత యంత్రము కాదు. అది రాత్రింబవళ్ళు మేలుకొని, ఇంటివారు ఇచ్చిన కాగితములను తీసికొని భద్రపరచి, అడిగినప్పుడు అందించు గుమాస్తా వంటి కంప్యూటరు. దానికి తెరయు, మీటలును మొదటి దినమున మాత్రమే కావలయును. తరువాత ఫోనుతోనే పని జరుగును.

“గూగులు వారు ఊరక చోటిచ్చుచుండగా ఇది యేల?” యని కొంద రడుగుదురు. గూగులువా రుచితముగా నిచ్చునది 15 గిగాబైట్లు. 2021 జూను 1వ తేది నుండి ఎక్కించు ఫొటోలు కూడ ఆ లెక్కలోనే చేరుచున్నవి. పిల్లల వీడియోలతో అది త్వరలోనే నిండును. పరుల గిడ్డంగిలో సరకుంచుట తప్పు కాదు. అంతయు నక్కడనే యుంచి ఇంట గింజ లేకుండ చేసికొనుట మాత్రము తెలివి కాదు.

యంత్రము నెన్నుకొనుట

క్రొత్త యంత్రము కొననక్కర లేదు. పాత ల్యాపుటాపు అన్నిటికంటె మేలు. దానిలో బ్యాటరీ యుండుటచే కరెంటు పోయినప్పుడు వెంటనే ఆరిపోదు. 2025 అక్టోబరు 14తో విండోసు 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు ముగిసినది. విండోసు 11ను మోయలేని ల్యాపుటాపులను అనేకులు మూల పడవేయుచున్నారు. అవి మన పనికి చక్కగా సరిపోవును. కొనుటకు ముందు మూడు సంగతులు చూడుడు: ప్రాసెసరు 64 బిట్లది కావలెను, మెమరీ 4 గిగాబైట్లకు తక్కువ కారాదు, బ్యాటరీ ఉబ్బి యుండరాదు. ఉబ్బిన బ్యాటరీ నిప్పంటుకొను ప్రమాదము గలది. అట్టిది కనబడిన వెంటనే యంత్రము నాపి తీసివేయింపవలెను. ఎల్లప్పుడు కరెంటులోనే యుండు ల్యాపుటాపు బ్యాటరీ త్వరగా చెడును గనుక, వీలున్న యంత్రములలో ఛార్జి 80 శాతము వద్ద నిలుచునట్లు అమర్చుకొనుడు.

కరెంటు ఖర్చు తెలిసికొనుట రైతుకు ముఖ్యము. ల్యాపుటాపు సగటున 15 వాట్లు త్రాగునని కొందము. దినమునకు 24 గంటల చొప్పున 360 వాటు-గంటలు, నెలకు సుమారు 11 యూనిట్లు. 70 వాట్ల పాత డెస్కుటాపైనచో నెలకు 50 యూనిట్లగును. శ్లాబు దాటి బిల్లు బరువెక్కును. రాస్ప్‌బెర్రీ పై యను అరచేతి యంత్రము 5 వాట్లతో నడచి నెలకు 4 యూనిట్లకు మించదు గాని, దానిలో వాడు చిన్న మెమరీ కార్డు తరచు కరెంటు పోవు చోట చెడిపోవును. దానికి ఎస్సెస్‌డీ డిస్కు జతచేసినచో ఆ దోషము చాలవరకు తొలగును.

మోటారు షెడ్డులో ఉచిత కరెంటున్నదిగదా, అచ్చట పెట్టెదమని తలపవలదు. ఆ కరెంటు మోటారు కొరకు, దినమునకు 9 గంటల లెక్కన ఇచ్చునది. పైగా షెడ్డులో దుమ్ము, తేమ, ఎలుకలు.

ఉంచు చోటు

ఈ ప్రాంతపు ఎండ యంత్రమునకు శత్రువు. రేకుల గదిలో మే నెల మధ్యాహ్నమున సర్వరు నుంచుట దానిని పొయ్యిమీద నుంచుటయే. రాతిగోడల మిద్దెలో ఉత్తరపు గది చల్లగా నుండును. అచ్చట గోడకు మనిషి యెత్తున బల్ల కొట్టించి దానిపై నుంచుడు. మట్టి మిద్దె యైనచో పైనుండి మన్ను రాలును గనుక, బల్లకు మీదుగా ఒక అట్ట నడ్డుగా కట్టవలెను. గుడ్డ మాత్రము కప్పరాదు, గాలి యాడదు. ప్రత్తి నిలువచేయు గదిలో అసలే పెట్టరాదు. సన్నని దూది ఫ్యానులో చుట్టుకొని యంత్రము కాగిపోవును. రెండు నెలల కొకసారి యంత్రము నాపి, మెత్తని కుంచెతో ఫ్యాను రంధ్రములు దులుపుడు.

ఇన్వర్టరున్న ఇండ్లలో దాని వెనుక నున్న మీటను యూపీఎస్ వైపునకు త్రిప్పి యుంచవలెను. అప్పుడు కరెంటు మారు క్షణము తక్కువగుటచే రౌటరు ఆరదు. ఎర్తు సరిగా లేని ఇంట ముందు ఎర్తు వేయించిన పిమ్మటనే సర్వరు మాట. ఉరుములు మెరుపులు వచ్చునప్పుడు ప్లగ్గును, రాగి కేబులును రెంటిని తీయవలెను. ఒకటి తీసి ఒకటి యుంచిన ప్రయోజనము లేదు. ఫైబరు తీగ గాజుది. అది పిడుగు కరెంటును మోయదు.

సాఫ్టువేరు

దీనికి రూకయు ఖర్చు లేదు. 1991లో ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సును ఆధారముగా చేసికొని 1993లో డెబియను అను వ్యవస్థ పుట్టినది. దీని నడుపువారు లోకమంతట చెదిరియున్న స్వచ్ఛంద సేవకులు. ఏటేట ఓటువేసి తమ నాయకుని తామే యెన్నుకొందురు. 1938లో మాచాని సోమప్పగారు యెమ్మిగనూరున నెలకొల్పిన చేనేత సహకార సంఘము నెరిగిన మనకు ఈ పద్ధతి క్రొత్త కాదు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియను 13ను పెన్‌డ్రైవులో నెక్కించి దానితో యంత్రమును మొదలుపెట్టవలెను. అమర్చునప్పుడు పాత డిస్కులోని దంతయు చెరగిపోవును. ముందే నకలు తీసికొనుడు. అలంకారపు తెరలు వలదు; ఎస్సెస్‌హెచ్ అను దూరపు తలుపు మాత్రము ఎన్నుకొనుడు. ల్యాపుటాపు మూత మూసినను నిద్రపోకుండునట్లు అమరిక మార్చుట మరువరాదు. ఈ పనులు ఇంటరు చదివిన బాలుడో బాలికయో ఒక ఆదివారమున చేయగలరు.

కాగితముల పంపకమునకు సాంబా అను సాఫ్టువేరు చాలును. పేరు మన సాంబయ్యను తలపించినను, దానిని ఆరంభించినవాడు ఆస్ట్రేలియా దేశీయుడగు ఆండ్రూ ట్రిడ్జెల్. ఫోనులో తీసిన ఫొటోలు తామంతట తామే సర్వరునకు చేరవలెనన్నచో 2016లో వెలువడిన నెక్స్ట్‌క్లౌడ్‌ను చేర్చుకొనుడు. పిల్లలున్న ఇంట కీవిక్స్ అను దానితో తెలుగు వికీపీడియా నకలును సర్వరులో నుంచిన, ఇంటర్నెట్టు లేని దినమునను చదువుకొందురు.

సర్వరునకు రౌటరులో ఒక స్థిరమైన నంబరు కేటాయింపవలెను. లేనిచో నేడొక నంబరున, రేపొక నంబరున నుండి, ఇంటివారికే దొరకదు. ఇంటర్నెట్టు తీగ తెగినను ఇంటిలోపలి వైఫై పనిచేయుచునే యుండును గనుక, మన కాగితములు మనకు దొరకును. మార్కెట్టుయార్డు నుండి ఇంటి సర్వరును చూడవలెనన్నచో రౌటరు ద్వారములు తెరచి లోకమునకు విడువరాదు. తెరచిన ద్వారమును గంటలలోనే దొంగ ప్రోగ్రాములు తట్టును. వైర్‌గార్డు అను గుప్తమార్గమునో, దానిపై నిర్మించిన టెయిల్‌స్కేలునో వాడుడు. టెయిల్‌స్కేలు అమర్చుట సులభము.

నకళ్ళు

సర్వరు పెట్టినంత మాత్రమున కాగితములు భద్రమని తలచుట చాల మంది చేయు పొరపాటు. ఒక్క డిస్కులో నున్నది ఒక్క గాదెలో నున్న విత్తనము. మూడు ప్రతులుండవలెను, వానిలో రెండు వేర్వేరు సాధనములపై నుండవలెను, ఒకటి ఇంటి వెలుపల నుండవలెను. రెండు డిస్కులను అద్దములవలె జతకట్టు రెయిడ్ పద్ధతి నకలు కాదు. పొరపాటున ఒకటి చెరపిన, రెండవ దానిలోను ఆ క్షణముననే చెరగును.

ఇంటి వెలుపలి ప్రతి విషయమున సహకారము మనకు తోడ్పడును. ఆదోనిలో నొక సభ్యుడు, యెమ్మిగనూరులో నొక సభ్యుడు ఒప్పందము చేసికొని, ఒకరి సర్వరులో మరియొకరి నకలు నుంచుకొనవచ్చును. రెస్టిక్ అను సాఫ్టువేరు ఆ నకలును తాళము వేసియే పంపును. కావున ఉంచుకొన్నవానికి లోపలి సంగతి తెలియదు. ఆ తాళపు మాటను కాగితముపై వ్రాసి పెట్టెలో భద్రపరచుడు. అది పోయినచో ఎవ్వరును తెరువలేరు, చేసినవారును తెరువలేరు.

విత్తనములను నమ్మి చల్లుటకు ముందు నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూచుట మనమెరిగినదే. నకళ్ళకును అదే చేయవలెను. మూడు నెలల కొకసారి నకలునుండి పది కాగితములు వెనుకకు తీసి తెరచి చూడుడు. తెరువబడని నకలు మొలవని విత్తనము.

పెంచుట

ఏడాది గడచిన పిమ్మట సర్వరు మందగించినచో దానిని మార్చవలసినదే యనుకొనరాదు. పాత తిరుగుడు డిస్కు బదులు ఎస్సెస్‌డీ వేసిన చాలును. అంతగా వేగమిచ్చు మార్పు మరొకటి లేదు. క్లోన్‌జిల్లా అనుదానితో పాత డిస్కును యథాతథముగా క్రొత్తదానిలోనికి దింపవచ్చును గనుక మరల అమర్చు పని యుండదు. తరువాత మెమరీ. దీనిలో డీడీఆర్ 3, డీడీఆర్ 4 అని రకములు గలవు. గాట్లు వేరు, ఒకదానిలో నొకటి ఎక్కదు. అంగడికి పోవునప్పుడు పాత ముక్కను చేత పట్టుకొని పొండు. చోటు చాలనప్పుడు బయటి డిస్కు తగిలించునెడల తన స్వంత అడాప్టరు గల పెద్ద డిస్కునే కొనుడు. పాత ల్యాపుటాపు యూఎస్‌బీ ద్వారము పెద్ద డిస్కునకు కావలసినంత కరెంటు నీయలేక, నడుమ నడుమ దానిని వదలివేయును.

డిస్కు ఆరోగ్యమును స్మార్ట్ అను పరీక్ష తెలుపును. అందు చెడిన భాగముల సంఖ్య నెలనెలకు పెరుగుచున్నచో, ఇంక కొంతకాలము నడచునులే యని ఊరకుండక వెంటనే మార్చవలెను.

డెబియనును క్రొత్త కూర్పునకు మార్చునప్పుడు ఒక్కొక్క మెట్టే యెక్కవలెను: 11 నుండి 12కు, 12 నుండి 13కు. మెట్టు దాటి దూకుటకు వారు ఒప్పరు. మార్చుటకు ముందు నకలు తీసి, మొలక పరీక్ష చేసి, ఆ పిమ్మట మొదలుపెట్టుడు. ప్రత్తి తీత సాగుచు తక్‌పట్టీలు దినదినము వచ్చు కార్తిక, మార్గశిర మాసములలో సర్వరును కదలింపరాదు. ఉగాది వెళ్ళిన తరువాత, ఎండ ముదురకముందే, ఒక ఉదయమున ఆ పని ముగించుకొనుడు. తీసివేసిన పాత డిస్కు ఇంకను బాగున్నచో తేది వ్రాసి మూడవ ప్రతిగా పెట్టెలో నుంచుడు. అమ్మదలచినచో, అందలి పాసుపుస్తకపు నకళ్ళు, బ్యాంకు కాగితములు పరుల చేత పడకుండునట్లు ముందు దానిని పూర్తిగా చెరపింపవలెను.