నోరు కట్టుకుంటే కాన్పు తేలికా?

"ఎక్కువ తినకు బిడ్డా, కడుపుల పిల్ల లావైతే కాన్పు కష్టమైతది!" మా కందుకూరు వైపు కడుపుతో ఉన్నవాళ్లకు పెద్దమ్మలు చెప్పే ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ప్రేమతో చెప్పేదే, కానీ ప్రమాదం.

పుట్టిన బిడ్డ కనీసం 2.5 కిలోలుండాలి. తక్కువైతే ఒంట్లో వేడి నిలవదు, పాలు తాగే ఓపిక చాలదు, జబ్బులు తొందరగా పట్టుకుంటాయి. బిడ్డ ఎక్కువగా బరువు పెరిగేది చివరి మూడు నెలల్లోనే. అప్పుడే తల్లి నోరు కట్టేస్తే ఎలా?

ఆఫ్రికాలోని గాంబియా పల్లెల్లో గర్భిణులకు రోజూ పల్లీల బిస్కెట్లు పెట్టి చూశారు. 1997లో ఫలితాలు ప్రకటించారు. బిడ్డల బరువు సగటున 136 గ్రాములు, తిండికి కటకటలాడే కాలంలోనైతే 201 గ్రాములు పెరిగింది. పురిట్లో పోయే పిల్లలూ తగ్గారు. మరి కాన్పు భయం? బిడ్డ తల చుట్టుకొలత పెరిగింది 3 మిల్లీమీటర్లే!

పల్లీలు మనింట్లో లేవా? తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చేందుకే పెట్టింది. కోడల్ని పంపండి. ఇంట్లోనూ అందరూ తిన్నాక మిగిలింది కాదు, మొదటి వడ్డన ఆమెకే చేయండి.