ఫైటోఫ్తోరా సిన్నమోమి

ఫైటోఫ్తోరా సిన్నమోమి నేలలో నివసిస్తూ చెట్ల వేళ్ళను కుళ్ళింపజేసే ఒక సూక్ష్మజీవి. చూడటానికి శిలీంధ్రం వలె ఉన్నప్పటికీ ఇది నిజమైన శిలీంధ్రం కాదు. ఊమైసీట్లు అనే వర్గానికి చెందినది. దీని వలన కలిగే వ్యాధిని వేరుకుళ్ళు తెగులు అనీ, ఆస్ట్రేలియాలో 'డైబ్యాక్' అనీ అంటారు. వేల సంఖ్యలో వృక్షజాతులకు ఈ తెగులు సోకుతుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతులతో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించిన జాబితాలో ఇది కూడా ఉన్నది. ఒకసారి అడవి నేలలో స్థిరపడిన తరువాత దీనిని పూర్తిగా తొలగించే మార్గం లేదు. కాబట్టి వ్యాప్తిని అరికట్టడమే ప్రధానమైన రక్షణ.

పేరు, చరిత్ర

'ఫైటోఫ్తోరా' అనే గ్రీకు మాటకు 'మొక్కలను నాశనం చేసేది' అని అర్థం. ఈ ప్రజాతికి 1876లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ ఈ పేరు పెట్టాడు. సిన్నమోమి జాతిని 1922లో రాండ్స్ అనే శాస్త్రవేత్త సుమత్రా దీవిలోని దాల్చిన చెట్ల నుండి వేరుచేసి వర్ణించాడు. దాల్చిన చెట్టు శాస్త్రీయ నామమైన సిన్నమోమమ్ నుండి దీనికి ఆ పేరు వచ్చింది. దీని పుట్టిల్లు ఆగ్నేయాసియా ప్రాంతమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. మొక్కల రవాణాతో ఇది ఇతర ఖండాలకు చేరింది.

శిలీంధ్రాలతో భేదాలు

శిలీంధ్రాల వలె ఇది కూడా సన్నని దారాల రూపంలో పెరుగుతుంది. అయితే శిలీంధ్రాల కణకవచంలో ముఖ్య పదార్థం కైటిన్ కాగా, దీని కణకవచంలో సెల్యులోజ్ ఉంటుంది. వంశపరంగా ఇది గోధుమ వర్ణ శైవలాలకు, డయాటమ్‌లకు దగ్గరి చుట్టం. ఈ భేదం శాస్త్రజ్ఞులకే పరిమితమైన విషయం కాదు. అనేక శిలీంధ్రనాశక మందులు శిలీంధ్రాలు ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని తయారుచేసుకోకుండా అడ్డుకుంటాయి. ఫైటోఫ్తోరా ఆ పదార్థాన్ని తయారుచేసుకోదు కనుక అటువంటి మందులు దీనిపై పనిచేయవు.

జీవిత చక్రం

నేల వెచ్చగా, తడిగా ఉన్నప్పుడు ఈ జీవి సిద్ధబీజాశయాలను ఏర్పరుస్తుంది. వాటి నుండి వెలువడే చలన సిద్ధబీజాలకు రెండేసి కశాభాలు ఉంటాయి. ఇవి మట్టి రేణువుల మధ్య ఉన్న నీటిలో ఈదుతూ, వేళ్ళు స్రవించే రసాయనాలను గుర్తించి వాటివైపు కదులుతాయి. వేరును చేరాక కశాభాలను విడిచి, మొలకెత్తి లోపలికి ప్రవేశిస్తాయి. నేల ఎండిపోయినప్పుడు మందమైన గోడలు గల విశ్రాంతి బీజాలు ఏర్పడతాయి. ఇవి మట్టిలోను, చచ్చిన వేళ్ళలోను సంవత్సరాల తరబడి జీవించి, తేమ తగలగానే మళ్ళీ మొలకెత్తుతాయి.

తెగులు లక్షణాలు

నీటిని పీల్చే సన్నని వేళ్ళు మొదట కుళ్ళుతాయి. అందువలన నేలలో తేమ ఉన్నా చెట్టు నీటి ఎద్దడికి గురైనట్లు కనిపిస్తుంది. ఆకులు పసుపుబారి రాలుతాయి, కొమ్మలు చివరల నుండి ఎండుతాయి. కొన్ని జాతులు కొద్ది వారాలలోనే చనిపోగా, కొన్ని చెట్లు సంవత్సరాల పాటు క్షీణిస్తాయి. లక్షణాలు అనావృష్టి లక్షణాలను పోలి ఉండటం వలన అసలు కారణాన్ని గుర్తించడంలో తరచు ఆలస్యం జరుగుతుంది.

అడవులకు, తోటలకు నష్టం

పశ్చిమ ఆస్ట్రేలియాలో జారా అనే యూకలిప్టస్ జాతి చెట్లు చనిపోతుండటాన్ని 1920వ దశకం నాటికే గమనించారు. అయితే దానికి కారణం ఈ జీవి అని 1960వ దశకంలో ఫ్రాంక్ పాడ్జర్ పరిశోధనల వలన తేలింది. అంతవరకు కలప లారీలు, బాటలకు వేసిన కంకర ద్వారా తెగులు సోకిన మట్టి అడవి అంతటా చేరింది. ఆ రాష్ట్ర నైరుతి భాగంలోని స్థానిక వృక్షజాతులలో సుమారు 40 శాతం ఈ తెగులుకు లొంగేవే. బ్యాంక్సియా వంటి పూల మొక్కలు నశిస్తే వాటి మకరందంపై ఆధారపడే హనీ పోసమ్ వంటి చిన్న జంతువులకు ఆహారం కరువవుతుంది.

న్యూ సౌత్ వేల్స్‌లో 1994లో కనుగొన్న అరుదైన వోలెమి పైన్ చెట్ల సహజ నివాసంలో 2005లో ఈ తెగులు బయటపడింది. ఆ ప్రదేశాన్ని రహస్యంగా ఉంచినా సిద్ధబీజాలు అక్కడికి చేరాయి. అమెరికాలో చెస్ట్‌నట్ చెట్లు, అనేక దేశాలలో అవకాడో తోటలు దీని వలన తీవ్రంగా నష్టపోయాయి.

నివారణ

* తెగులు ఉన్న చోటి నుండి మట్టి బయటకు పోకుండా చూడాలి. ఆస్ట్రేలియా అడవులలో సందర్శకులు బూట్లను శుభ్రపరచుకొనడానికి బాటల వద్ద ఏర్పాట్లు ఉంటాయి. వాహనాలను కడుగుతారు, కొన్ని బాటలను మూసివేస్తారు.
* నర్సరీలలో తెగులు లేని మట్టిని, మొక్కలను మాత్రమే వాడాలి. తోటలలో మురుగునీరు నిలువకుండా చూడాలి.
* ఫాస్ఫైట్ అనే మందును చెట్టు కాండంలోకి ఎక్కించడం, లేదా ఆకులపై చల్లడం వలన చెట్టు నిరోధక శక్తి పెరుగుతుంది. అయితే ఇది నేలలోని జీవిని నిర్మూలించదు కనుక మళ్ళీ మళ్ళీ వాడవలసి ఉంటుంది.
* అవకాడో సాగులో 'డ్యూక్ 7' వంటి, తెగులును కొంతవరకు తట్టుకొనే వేరుమూలాలపై అంటు కడతారు.

సంబంధిత జాతులు

1845లో ఐర్లండులో మొదలైన కరువుకు కారణమైన బంగాళాదుంప తెగులు ఇదే ప్రజాతికి చెందిన ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్ వలన కలిగింది. తాటి, కొబ్బరి చెట్లలో మొవ్వుకుళ్ళు తెగులును కలిగించే ఫైటోఫ్తోరా పామివోరాకు తెలుగు నేలతో సంబంధం ఉన్నది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో గోదావరి డెల్టాలోని తాటిచెట్లు చనిపోవడంపై ఇ.జె. బట్లర్ పరిశోధన చేసి, 1907లో ఈ జీవిని పిథియమ్ అనే మరొక ప్రజాతి పేరుతో వర్ణించాడు. తరువాత ఆయనే దీనిని ఫైటోఫ్తోరా ప్రజాతిలోనికి మార్చాడు. తెగులు సోకిన చెట్ల తలలను నరికి కాల్చివేయడం అప్పటి నివారణ పద్ధతి.