ఒక్క యాజ్ఞ, పలు యంత్రములు



ఒకే పనిని పది తావులఁ జేయవలసివచ్చినచో మనుష్యుఁడు అలయును, అలసినవాఁడు పొరపడును. కార్యాలయములలోని కంప్యూటర్ల పోషణమునందును ఇదియే చిక్కు. దీనికిఁ గనిపెట్టిన యుపాయమునకు స్క్రిప్టు అని పేరు. దానిని గూర్చి నేఁడు ముచ్చటించెదను.

మన కృష్ణా డెల్టానే యుదాహరణముగాఁ గొందము. మచిలీపట్టణమున ఒక యుద్యోగి కలఁడనుకొనుఁడు. గుడివాడ, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు కార్యాలయముల యంత్రములు అతని బాధ్యత. ప్రతిసాయంకాలమును ఆనాఁటి లెక్కలకుఁ బ్రతి తీసి వేఱొకచోట భద్రపఱుపవలెను. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచెత్తి వేలకొలఁది ప్రజలను బలిగొన్నది. అట్టి తీరమందలి లెక్కకుఁ బ్రతి గుడివాడలో నున్నచో, కార్యాలయమున నీరు చొచ్చినను రైతు భూమిహక్కునకు, వృద్ధురాలి పింఛనుకు ఆధారము మిగులును.

ఈ పనిని చేతితోఁ జేయుచో ప్రతి యంత్రమునకును అవే యాజ్ఞలను మరల మరల టైపు చేయవలయును. ఆ యాజ్ఞలను వరుసగా వ్రాసి దాఁచిన పత్రమే స్క్రిప్టు. చిరకాలము పిల్లలకు వ్యాకరణము చెప్పిన నాకు ఇది క్రొత్తగాఁ దోఁపలేదు. సూత్రకారుఁడు ప్రతిపదమునకును వేఱు విధి చెప్పఁడు. సామాన్యసూత్రమును జెప్పి, తగినచోట అపవాదమును జేర్చును. అట్లే స్క్రిప్టులో యంత్రముల పేళ్లు ఒక పట్టికగా నుండును. 'పట్టికలోని ప్రతిదానియందును ఈ పని చేయుము' అనునది సామాన్యవిధి. 'యంత్రము పలుకనిచో దాని పేరు వ్రాసికొని ముందునకుఁ బొమ్ము' అనునది యపవాదము.

దూరపు యంత్రమునకు ఆజ్ఞ చేరుటకు గుప్తమార్గము కావలయును. ఫిన్లాండు దేశస్థుఁడగు టాటు యులోనెన్, తన విశ్వవిద్యాలయమున రహస్యపదములు చౌర్యము కాఁగా, 1995లో ఎస్.ఎస్.హెచ్. అను సాధనమును రచించెను. దానిచేఁ బంపిన మాట దారిలో నితరులకు బోధపడదు.

ఇఁక నొక హెచ్చరిక. కాలువ తల తూము నెత్తినచో మంచినీరు వలెనే చెడునీరును అన్ని పొలములకుఁ బాఱును. 2024 జూలై 19వ తేదీని క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ తన రక్షణసాధనమునకుఁ బంపిన సవరణలో దోష ముండుటచే, లోకమున సుమారు 85 లక్షల యంత్రములు నిలిచిపోయినవి. మన దేశపు విమానాశ్రయములలోఁ గొందఱు ప్రయాణికులకు చేతివ్రాత చీట్లు ఇయ్యవలసివచ్చెను.

కావున మూఁడు నియమములు పాటింపవలెను. మొదట ఒక్క యంత్రమునందే పరీక్షించి, పిమ్మటఁ దక్కినవానికిఁ బంపవలెను. రెండవది, పలుమాఱులు నడపినను కీడు గలుగనట్లు వ్రాయవలెను. 'అర నిర్మింపుము' అనుటకంటె 'అర లేనిచో నిర్మింపుము' అనుట మేలు. మూఁడవది, ప్రతి యూరి ఫలితమును వ్రాయించి, భద్రపఱచిన ప్రతిని అప్పుడప్పుడు తెఱచి చదివి చూడవలెను. తెఱచి చూడని ప్రతిని నమ్ముట, ఉప్పెన వచ్చిననాఁడు పడవ యడుగు చూచుకొనుట వంటిది.

ఉద్యోగి యొకమాఱు ఆలోచించినదానిని స్క్రిప్టు వేయిమాఱు లాచరించును. ఆ యాలోచనలోఁ దప్పున్నచో ఆ తప్పునే వేయిమాఱులు చేయును. కాఁబట్టి మిగిలిన కాలమును ఆ మొదటి యాలోచనకే వెచ్చింపవలయును.