"మీరు ఏమవుతారు?": సిక్స్ ఆఫ్ క్రోస్‌లో ప్రేమ, కుటుంబం

మొన్న ఒక చెల్లి నన్ను అడిగింది: "అక్కా, హీరో కనీసం హీరోయిన్ చెయ్యి కూడా పట్టుకోలేకపోతే అది లవ్ స్టోరీ ఎలా అవుతుంది?" అని. మంచి ప్రశ్న. ఈ ఎపిసోడ్ దాని మీదే. ముందే చెప్తున్నా, స్పాయిలర్స్ ఉంటాయి.

తను అడిగింది లీ బార్డుగో రాసిన సిక్స్ ఆఫ్ క్రోస్ గురించి. 2015లో వచ్చింది. రెండో భాగం క్రుకెడ్ కింగ్‌డమ్, 2016లో. కెటర్‌డామ్ అనే ఊళ్ళో ఆరుగురు కుర్రాళ్ళు, అమ్మాయిలు డబ్బు కోసం ఒక పెద్ద దోపిడీకి ఒప్పుకుంటారు. స్నేహం కోసం కాదండీ, డబ్బు కోసమే!

వాళ్ళ లీడర్ కాజ్. చిన్నప్పుడు అంటురోగం వచ్చి అన్న చనిపోతే, ఆ శవాన్ని పట్టుకునే ఈదుకుంటూ ఒడ్డుకి చేరాడు. అప్పటినుంచి ఎవరి ఒళ్ళు తగిలినా తట్టుకోలేడు, ఎప్పుడూ గ్లవ్స్ వేసుకునే ఉంటాడు. ఇనెజ్‌ని బానిసల వ్యాపారులు ఎత్తుకెళ్ళి వేశ్యాగృహానికి అమ్మేశారు. తనకీ స్పర్శ అంటే భయమే. మరి వీళ్ళ మధ్య ప్రేమ ఎలా? కాజ్ ఆమె అమ్మానాన్నల్ని వెతికించి, ఓడలో రప్పిస్తాడు. ఆ రోజు గ్లవ్స్ లేకుండా చెయ్యి పట్టుకుంటాడు. అంతే. కానీ ఆ "అంతే" కోసం అతను ఎంత భయాన్ని దాటొచ్చాడో మనకి తెలుసు కదా.

ఇంకో జంట జెస్పర్, వైలన్. ఇద్దరూ అబ్బాయిలే. వైలన్‌కి చదవడం రాదని సొంత తండ్రే సిగ్గుపడి, అతన్ని చంపించాలని చూస్తాడు. జెస్పర్‌కి మాత్రం అది ఒక లోపంలాగే కనిపించదు.

అయితే "ఇంట్లోవాళ్ళని వదిలేయండి" అని ఈ కథ చెప్పట్లేదు. ఇనెజ్ అమ్మానాన్నలు వస్తారు, జెస్పర్ నాన్న కొడుకు కోసం ఊరు దాటి వస్తాడు. పుట్టిన ఇల్లయినా, ఎంచుకున్న ఇల్లయినా, కష్టంలో ఎవరు నిలబడ్డారన్నదే లెక్క.

నాకెందుకు ఇంత నచ్చిందంటే... డిగ్రీలో హాస్టల్‌లో ఉండగా నాకు డెంగ్యూ వచ్చింది. ఇంటివాళ్ళు చేరేసరికి తెల్లారుతుంది. రాత్రి ఆటోలో నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళింది నా రూమ్మేట్. ఫారంలో "పేషెంటుకి మీరు ఏమవుతారు?" అనే గడి దగ్గర పెన్ను ఆపి, కాసేపు ఆలోచించి, "అక్క" అని రాసింది. అబద్ధమే. కానీ నాకు అంతకన్నా నిజమైన మాట ఇంకోటి తెలీదు.

ఆ గడిలో మీ కోసం ఎవరు ఏం రాస్తారు? ఒక్కసారి ఆలోచించండి. వీలైతే ఇవాళే వాళ్ళకి ఫోన్ చెయ్యండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.