చీపురూ, తిరగలిరాయీ, మంచూ



మనకి మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుఝామున కురిసే పొగమంచే గదా! అయినా నాలుగేళ్ళకోసారి శీతాకాలపు ఒలింపిక్స్ వస్తే నేను టీవీ ముందు పీట వేసుక్కూర్చుంటాను. పాండిత్యం ఉండి కాదు, వింతగా ఉంటాయని. ఒకాయన కొండమీంచి గాల్లోకి లేచి వంద మీటర్లు దాటాక గాని నేలకి దిగడు. ఇంకొకరు చిన్న బల్లలాంటి దాని మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకు చాపి, మంచుకాలువలో గంటకి నూరు కిలోమీటర్లకు పైగా వేగంతో జారిపోతారు. దాన్ని లూజ్ అంటారు. మన హిమాచల్ అబ్బాయి శివ కేశవన్ 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్‌లో ఆ ఆట ఆడాడు. చూస్తూంటే కన్నతల్లి ఎలా భరించిందో అనిపిస్తుంది.

ఈ గుండెదడ ఆటల మధ్య మనకోసమే పెట్టారా అనిపించే ఆట ఒకటుంది. పేరు కర్లింగ్. పుట్టిల్లు స్కాట్లండు. 1998 నుంచి ఆడవాళ్ళ జట్లకి కూడా ఒలింపిక్ పతకాలిస్తున్నారు.

నలభై అయిదు మీటర్ల పొడవున మంచు చదును చేస్తారు. ఆటకి ముందు దాని మీద సన్నటి నీటి తుంపర చల్లుతారు. అచ్చం కళ్ళాపే! ఆ బొట్లు గడ్డకట్టి గరుకు తేలుతుంది. దానివల్లే రాయి చక్కగా జారుతుంది. అవతలి చివర మంచులో గుండ్రంగా, ఒకదానిలో ఒకటి, రంగురంగుల వలయాలు కనిపిస్తాయి. ముగ్గనుకోండి. దాన్ని వాళ్ళు ‘ఇల్లు’ అనే పిలుస్తారు. ఇక రాయి చూస్తే, మన తిరగలి పైరాయికి పిడి తగిలించినట్టుంటుంది. బరువు ఇరవై కిలోలకి కాస్త తక్కువ. ఒలింపిక్స్‌లో వాడే రాళ్ళకి గ్రానైటు స్కాట్లండు దగ్గర ఐల్సా క్రెయిగ్ అనే మనుషులు లేని చిన్న దీవి నుంచి తెస్తారు. నీరు పీల్చుకోని రాయి అది.

జట్టుకి నలుగురు. మనిషికి రెండేసి రాళ్ళు. ఒకామె రాయిని మెల్లగా తిప్పి వదులుతుంది. అది ఒక పక్కకి వంపు తిరుగుతూ పోతుంది. ఇద్దరు చీపుర్లు పట్టుకుని దాని ముందు పరుగెత్తుతూ మంచుని రాపాడిస్తారు. చీపురంటే మన కొబ్బరి ఈనెలది కాదు లెండి, కర్ర చివర గుడ్డ మెత్త. ఊడ్చేది శుభ్రం కోసం కాదు. రాపిడికి మంచు రవ్వంత వేడెక్కి రాయి మరి కొన్ని అడుగులు ముందుకు వెళ్తుంది, వంపూ తగ్గుతుంది. పదహారు రాళ్ళూ అయ్యాక నడిబొడ్డుకి ఎవరి రాయి దగ్గరుంటే వాళ్ళకే పాయింట్లు. ఎదుటివాళ్ళ రాయిని క్యారమ్స్‌లోలా కొట్టి బయటికి నెట్టెయ్యొచ్చు కూడా. మనం ఊడ్చి కళ్ళాపి చల్లుతాం, వాళ్ళు చల్లి ఊడుస్తారు, అంతే తేడా!

మా వారు ‘ఇదీ ఒక ఆటేనా?’ అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. అయితే 2018లో కొరియా అమ్మాయిల ఆట వచ్చినప్పుడు ఆ పేపరు కిందికి దిగింది.

ఆ ఆటలు జరిగింది వాళ్ళ దేశంలోనే, ప్యాంగ్‌చాంగ్‌లో. జట్టులో అందరి ఇంటిపేరూ కిమ్మే. అక్కచెల్లెళ్ళు మాత్రం ఇద్దరే. ఊరు ఉయిసాంగ్, వెల్లుల్లి పంటకి పేరు. అందుకని లోకం వాళ్ళని ‘వెల్లుల్లి పిల్లలు’ అంది. నాయకురాలు కిమ్ యున్‌జంగ్ గుండ్రటి కళ్ళజోడు పెట్టుకుని, ముఖంలో నవ్వన్నది లేకుండా, ‘యోంగ్‌మీ!’ అని కేక వేసేది. యోంగ్‌మి అంటే ఊడ్చే అమ్మాయి పేరు. ఒక్క పేరునే రకరకాల గొంతులతో పిలిస్తే గట్టిగా ఊడువు, ఆపు, తొందరగా రా, అన్నీ అందులోనే. వంటింట్లోంచి పిల్లల్ని పిలిచే మనకి ఆ విద్య ఒకరు నేర్పాలా? కొరియా దేశమంతా ఆ కేక అనుకరించింది. సెమీఫైనల్లో జపానుని అదనపు రౌండులో 8-7తో గెలిచారు. ఫైనల్లో స్వీడను చేతిలో ఓడి రజతం తెచ్చుకున్నారు.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. అదే ఏడు నవంబరులో ఆ అయిదుగురూ కలిసి ఫిర్యాదు పెట్టారు. శిక్షకులు నోటికొచ్చినట్టు తిడుతున్నారని, గెలిచిన బహుమతి డబ్బు తమ చేతికి రాలేదని, యున్‌జంగ్‌కి పెళ్ళయ్యాక ఆమెని పక్కకి తప్పించాలని చూస్తున్నారని. 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వం విచారణ జరిపించి, తిట్లూ డబ్బు సంగతీ నిజమేనని తేల్చింది. దేశమంతా కేరింతలు కొట్టిన పిల్లలకి సొంత సంపాదన చేతికి రాలేదంటే ఏమనాలి? ఒక్కరు అడిగితే నోరు మూయించేవారేమో. అయిదుగురూ ఒక్క కాగితం మీద అడిగారు గనక విన్నారని నా అభిప్రాయం.

యున్‌జంగ్ 2019లో తల్లి అయింది. పెళ్ళయితే పనికిరాదన్న మనిషే మళ్ళీ నాయకురాలై 2022లో జట్టుని బీజింగ్ ఒలింపిక్స్‌కి తీసికెళ్ళింది. యోంగ్‌మి అక్కడ అయిదో మనిషిగా ఉండడంతో ఆ కేక కోసం కాచుక్కూర్చున్న నాకు కాస్త వెలితే అయింది. పతకమూ రాలేదు. ఆ మరుసటి నెలలోనే కెనడాలో జరిగిన ప్రపంచ పోటీల్లో మాత్రం రజతం పట్టుకొచ్చారు.