రెండు ఆసుపత్రులు, ఒక సొరంగం, ఒక చక్రం

"ఢిల్లీ ఎయిమ్స్‌కూ రోడ్డవతల ట్రామా సెంటరుకూ మధ్య సొరంగం ఉంది కదా. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తే రెంటికీ కలిపి ఒకటా, చెరొకటా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఇలాంటి ప్రశ్న వస్తే వదలబుద్ధి కాదు.

వాహనాలు వెళ్లే ఆ సొరంగం 2018 జూన్‌లో ప్రారంభమైంది. అమెరికాలో పుట్టిన లీడ్ అనే గ్రీన్ సర్టిఫికెట్ పద్ధతిలో, నడవాతోనో పార్కింగుతోనో మాత్రమే కలిసిన కట్టడాలు వేరువేరు భవనాలే. ఒకదాని గదులు లేనిదే రెండోదాని పని సాగదంటే ఒకటిగా లెక్కించే వీలుంది. ఇలాంటి సర్టిఫికెట్లకు మనకు హైదరాబాదు కేంద్రంగా ఐజీబీసీ, ఢిల్లీలోని టెరి రూపొందించిన గృహ కూడా ఉన్నాయి. నియమాల సంగతి ఇంతటితో చాలు.

నన్నడిగితే ఆసుపత్రికి హద్దులు గీసేది గాలే. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాల ప్రకారం ఆపరేషన్ థియేటర్లో గాలి గంటకు కనీసం 20 సార్లు మారాలి, అందులో 4 సార్లు బయటి గాలి రావాలి. వానాకాలం ఢిల్లీలో 34 డిగ్రీల వేడి, 60 శాతం తేమ అనుకుందాం. ఆ గాలిని 24 డిగ్రీలకు, 50 శాతం తేమకు దించాలంటే కిలోకు వేడి తీయడానికి సుమారు 10 కిలోజౌళ్లు, 11 గ్రాముల నీటి ఆవిరి తీయడానికి సుమారు 27 కిలోజౌళ్లు పడతాయి. ఏసీ శ్రమలో ముప్పాతిక వంతు దాదాపు నీళ్లు పిండడానికే!

ఇక్కడే నాకిష్టమైన చక్రం వస్తుంది. తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న అల్యూమినియం చక్రం. సగం లోపలికొచ్చే గాలి దారిలో, సగం బయటికి పోయే గాలి దారిలో ఉండి, నిమిషానికి ఇరవై చుట్ల దాకా తిరుగుతుంది. వచ్చే గాలి తన వేడినీ తేమనూ చక్రానికి అప్పగిస్తుంది. చల్లగా, పొడిగా బయటికి పోయే గాలి వాటిని మోసుకుపోతుంది. హీటరు అక్కర్లేదు. గంటకు కొన్ని చుట్లే తిరుగుతూ, ఆరడానికి వేడిగాలి కోరే డీహ్యుమిడిఫయర్ చక్రం వేరు. రెంటినీ కలగలిపేసేవాళ్లు ఇంజనీర్లలోనూ ఉన్నారు.

అసలు చమత్కారం చక్రం మీది పూతలో ఉంది. తొలితరం చక్రాలకు ఆక్సీకరించిన అల్యూమినియమో సిలికా జెల్లో సరిపోతుందనుకున్నారు. అవి తేమతోపాటు వాసనలనూ పట్టి వెనక్కి తెచ్చాయి. తర్వాత 3 ఆంగ్‌స్ట్రాముల రంధ్రాలున్న అణు జల్లెడ వచ్చింది. ఆంగ్‌స్ట్రామంటే మీటరులో వెయ్యికోట్లవ వంతు. నీటి అణువు దాదాపు 2.8, దూరిపోతుంది. స్పిరిట్ వాసనకు మూలమైన ఇథనాల్ అణువు 4 దాటుతుంది, బయటే ఆగిపోతుంది. ఈ రకం చక్రాలు తయారుచేసే సంస్థ గురుగ్రామ్‌లోనే ఉంది.

అయితే అణువును ఆపే జల్లెడ, చక్రం అంచు సీళ్ల సందుల్లోంచి జారే గాలిని ఆపలేదు. అందుకే క్షయ రోగుల ఐసొలేషన్ గది గాలిని ఈ చక్రానికి పంపకూడదు. అక్కడ రెండు కాయిళ్లు పెట్టి మధ్య నీళ్లు తిప్పుతారు. గాలికి గాలి తగలదు కానీ తేమ ఆదా కాదు.

ఇక నా గొణుగుడు. గ్రీన్ సర్టిఫికెట్ కోసం కొత్త భవనాలకు కరెంటు పొదుపు పాయింట్లు వచ్చేది కంప్యూటర్ అంచనా మీద. చక్రం బెల్టు తెగిందనుకోండి, ఆ లోటును ఏసీకి చల్లదనమిచ్చే చిల్లర్ యంత్రం చప్పుడు లేకుండా పూడుస్తుంది. రోగికి తేడా తెలియదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. కాబట్టి ఆసుపత్రి వాళ్లు ప్లాటినం ఫలకం చూపిస్తే, చక్రం తిరుగుతోందా అని ఒక్క మాట అడగండి.