మూడు నెలల గడువు దాటి నిలవాల్సిన గొంతులు

లాభాపేక్ష లేకుండా, ఒక ప్రాంతపు ప్రజలే తమ యాసలో, తమ అవసరాల కోసం నడుపుకొనే స్వల్పశక్తి ఎఫ్‌ఎం కేంద్రాన్ని కమ్యూనిటీ రేడియో అంటారు. దాని గురించి మాట్లాడేవారు సాధారణంగా ప్రసారాన్నే లెక్కలోకి తీసుకుంటారు గానీ, ప్రసారం ముగిశాక మిగిలే రికార్డింగులే దాని అసలైన ఆస్తి. 2006 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారు కావాలని కోరుతూనే, ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు భద్రపరిస్తే చాలన్నాయి. పర్యవేక్షణకు ఆ గడువు సరిపోతుందేమో గానీ, ఒక ఊరి జ్ఞాపకానికి ఏమాత్రం చాలదు.

ఈ విషయాన్ని ముందుగానే గ్రహించినవారు జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన ఆ రైతు మహిళలకు యునెస్కో తోడ్పాటుతో మాచ్నూరులో 1998లోనే స్టూడియో సమకూరినా, అప్పటికి లైసెన్సు ఇచ్చే విధానమే లేనందున, విత్తనాల గురించీ పంటల గురించీ పండుగల గురించీ తామే రికార్డు చేసిన క్యాసెట్లను ఊరూరా సంఘాల సమావేశాల్లో వినిపించారు. గాలిలోకి పంపకుండా ఒక గుంపుకే ఇలా వినిపించే పద్ధతిని నారోకాస్టింగ్ అంటారు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు రాసిన న్యాయమూర్తి పి.బి. సావంత్ చేతుల మీదుగానే 2008 అక్టోబరు 15న ఆ మహిళల కేంద్రమైన సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. లైసెన్సు లేని ఆ పదేళ్లూ వృథా కాలేదని చెప్పాలి. ప్రసారం లేకపోయినా రికార్డింగుకు విలువ ఉంటుందని నిరూపించిన కాలమది.

రాజధాని హైదరాబాద్ ఉత్తరపు అంచున ఉన్న మేడ్చల్, శామీర్‌పేటలకు ఈ అనుభవం ఎంతో అవసరం. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక పొలాలు వెంచర్లుగా మారుతున్న ఈ నేల మీద ఒకవైపు నల్సార్, బిట్స్ వంటి విద్యాసంస్థల్లో ప్రసంగాలు సాగుతుంటే, మరోవైపు బోనాలు, బతుకమ్మ, కీసరగుట్ట శివరాత్రి జాతర ఏటా జరుగుతూనే ఉన్నాయి. విద్యాసంస్థలకు 2002 నుంచే ఇలాంటి కేంద్రం పెట్టుకొనే వీలుంది కాబట్టి, ప్రాంగణం గోడ లోపలి ఉపన్యాసంతో పాటు గోడ బయటి కథనూ రికార్డు చేసే బాధ్యత వాటిదేనని గట్టిగా చెప్పక తప్పదు.

అయితే ఆ పని మైకు పట్టుకోగానే అయ్యేది కాదు. మల్లన్న, బీరప్ప కథలను డమరుకం వంటి ఒగ్గు వాయిద్యంతో, డోలు, తాళాల తోడుతో కురుమ కళాకారులు చెప్పే ఒగ్గుకథలో, డోలుకు దగ్గరగా పెట్టిన ఒక్క మైకు దరువునే పట్టి కథకుడి మాటను మింగేస్తుంది. అందుకే కథకుడికి వేరే మైకు, గాలి హోరు తగలకుండా దానికి స్పాంజి తొడుగు కావాలి. కథకు ముందే కళాకారుల అనుమతి తీసుకొని, వారి పేర్లు, ఊరు, తేదీ, సందర్భం వారి నోటితోనే చెప్పించి అదే ఫైలులో చేర్చాలి. కుదించని మూలప్రతిని ఒకచోట, దాని నకలును మరోచోట దాచి, ఇంకొక నకలును కథ చెప్పిన కుటుంబానికే ఇవ్వాలి.